పచ్చబొట్టు చేయి

రాజమహేంద్రవరములో రైలు స్టేషనుకు పోవు దారిలో ఒక చిన్న హోటలు కలదు. ఉదయము ఆరు గంటలకు దాని తలుపులు తీయుదురు. ఆరున్నర కాకమునుపే కూర్చుండుటకు చోటు దొరకదు. అచటి పెసరట్టు ఉప్మాకును, అల్లపుపచ్చడికిని ఆ పేటలో మంచి పేరు. పాఠశాలలో విజ్ఞానశాస్త్రము బోధించి పదవీ విరమణ పొందిన పిదప, ఉదయపు నడక ముగించుకొని ఆ హోటలులో కాఫీ త్రాగుట నాకు అలవాటైనది. ఎనిమిదేండ్లుగా నేను కూర్చుండు బల్ల ఒక్కటే. కిటికీ ప్రక్కనున్న ఆ బల్ల మాస్టారిదని హోటలువారును, నిత్యము వచ్చువారును ఎరుగుదురు. ఇంత చిన్న విషయమును మొదటనే చెప్పుటకు కారణము కలదు. ఒకనాడు నేను ఆ బల్లను విడిచి లేచిపోయితిని. అట్లు లేచుటవలన ఒక యువకుని బ్రతుకునకు ఎంత దెబ్బ తగిలినదో కొంతకాలమునకు గాని నాకు తెలియలేదు.

ఆనాడు నా బల్లయొద్దకు క్రొత్త సర్వరు వచ్చెను. ఇరువదినాలుగు, ఇరువదియైదేండ్ల వాడు. తల చక్కగా దువ్వుకొని, ఉతికిన చొక్కా తొడిగికొని యుండెను. గోళ్లు పొట్టిగా కత్తిరించుకొని యుండెను. ఇవన్నియు నేను ఇప్పుడు జ్ఞాపకము చేసికొని చెప్పుచున్నాను. ఆనాడు నా చూపు వీనిలో దేనిమీదను నిలువలేదు. అతడు మంచినీళ్ల గ్లాసు పెట్టుటకు చేయి చాపినప్పుడు, మణికట్టు మొదలు మోచేతివరకు పచ్చని గీతలు, చుక్కలు, మెలికలు కనబడినవి. వాని నడుమ తోక యెత్తిన తేలు ఒకటి యుండెను. నాకు ఒడలు జలదరించినట్లయ్యెను.

“ఏం తెమ్మంటారండీ?” అని అతడు అడిగెను.

“తరువాత చెబుతాలే” అంటిని. అతడు మరియొక బల్లవైపు తిరుగగానే లేచి, పాత సర్వరు వడ్డించు వరుసలోనికి పోయి కూర్చుంటిని. నోట ఒక్క పరుషవాక్యమైనను పలుకలేదు. కావున నేను తప్పు చేసితినని నాకు తోచలేదు.

నా వెనుక బల్లయొద్దివారు మాత్రము నోరు విప్పిరి. “చూశావా ఆ చెయ్యి? సెంట్రల్ జైలు నుంచి సరాసరి ఇక్కడికే వచ్చినట్టున్నాడు” అని ఒకడనెను. మా ఊర సెంట్రల్ జైలు ఉన్నది గావున ఆ పరిహాసము మావారి నోటికి సులభముగా వచ్చును. అతని ప్రక్కనున్నవాడు నవ్వెను. ఆవలి బల్లయొద్ద ఒక గృహిణి తన పిల్లవాని ప్లేటును దగ్గరకు లాగికొని, “వేరే అబ్బాయిని పంపండి” అని గల్లాపెట్టెవైపు చూచి చెప్పెను. ఆ యువకుడు అవి వినలేదని నేననుకొంటిని. ఎంత రద్దీలోనైనను తన్ను గూర్చిన మాట సర్వరు చెవిని పడకపోదని నాకు అప్పటికి తెలియదు.

మరునాటినుండి అతడు కనబడలేదు. పని మానుకొని పోయినాడని తలచితిని, తలచి మరచితిని. ఇంచుమించు నెల గడచినది. ఒకనాడు చేతులు కడుగుకొను చోట కుళాయిలో నీరు రాకపోగా, లోపలి పెరటిలోనికి పోయితిని. అచట ఎంగిలి ప్లేట్ల గుట్టముందు పీటమీద కూర్చుండి, సబ్బునీటి తొట్టిలో మోచేతులవరకు ముంచి, ఆ యువకుడు ప్లేట్లు తోముచుండెను. నన్ను చూచి లేచి, చెంబుతో నీళ్లు పోసెను.

“ఇక్కడున్నావేం బాబూ? హాల్లో కనిపించటం లేదే?” అంటిని.

“హాల్లో వద్దన్నారండీ. చెయ్యి చూసి జనం ఇబ్బంది పడుతున్నారంట. ఇక్కడైతే చెయ్యి ఎప్పుడూ నీళ్లలోనే ఉంటుంది కదండీ, ఎవరికీ కనపడదు” అని అతడు నవ్వెను. ఆ నవ్వులో నిష్ఠురము లేదు. అందుచేతనే నాకు మరింత కష్టముగా నుండెను. హాలులో వడ్డించువారికి జీతముగాక దినమునకు నూరు, నూటయేబది రూపాయలు టిప్పుల రూపమున వచ్చును. ప్లేట్లు తోమువానికి టిప్పు ఎవరిత్తురు?

ఏమనవలెనో తోచక, “ఆ తేలు ఎందుకు వేయించుకున్నావు?” అని అడిగితిని. నా అడుగుటలో కొంత మందలింపు కూడ కలిసియుండెనని ఒప్పుకొనుచున్నాను.

అతడు చేయి తుడుచుకొని నా ముందుకు చాపెను. “ఇది మా అమ్మమ్మదండీ. అమ్మా నాన్నా నా చిన్నప్పుడే పోయారు. ఆవిడే పెంచింది. ఆవిడ చేతిమీద ఇదే తేలు, ఇవే చుక్కలు. నేను అన్నం తిననని పేచీ పెడితే ‘తేలు కుడుతుంది, నోరు తెరు’ అని ముద్ద పెట్టేసేదండీ. మనిషి పోయేటప్పుడు వెంట వచ్చేది పచ్చబొట్టొక్కటేరా అనేది. ఆవిడతోపాటు ఇదీ పోతుంది కదా అని, పోయాక ఫోటో చూపించి అచ్చం అలాగే పొడిపించుకున్నానండీ. రెండు నెలల జీతం అయ్యింది.”

నేను ఆ చేతిని అప్పుడు మొదటిసారిగా చూచితిని. అంతకుమునుపు చూడలేదా యనినచో, భయపడితినే గాని చూడలేదు. తేలు చుట్టును వరుసలు తీర్చిన చుక్కలు. ఆ చుక్కలను కలుపుచు ముగ్గువంటి మెలిక. ఆ మెలికను నేనెరుగుదును. నాకు ఊహ తెలిసిననాటినుండి ఎరుగుదును.

మా ఊరు కోనసీమలోనిది. మా నాయనమ్మకు రెండు ముంజేతులమీదను పచ్చబొట్లుండెడివి. కుడిచేతిమీద ముగ్గువలె అల్లుకొన్న గీతలు, వాని చుట్టును చుక్కలు, ఎడమచేతిమీద తులసికోట. మణికట్టు కీలుమీద విడిగా మూడు చుక్కలుండెడివి. అవి నొప్పికి మందుగా పొడిపించుకొన్నవని ఆమె చెప్పెడిది. బడిలో చేరకమునుపే నాకు ఒకటి మొదలు ఇరువదివరకు లెక్క వచ్చినది. పెరుగన్నము కలుపుచున్న ఆమె చేతిమీద వ్రేలుపెట్టి చుక్కలు లెక్కించుచు నేర్చిన లెక్క యది. తప్పినచో ముద్ద నోటికందక ఆగెడిది. మరల మొదటినుండి లెక్కింపవలెను. నాకు మొదటి పలక ఆ చేయి. ఆ చేతి ముద్ద తినుటకు నేనెన్నడును జంకలేదు. ఇంటికి వచ్చిన చుట్టములును జంకలేదు. ఆనాటి పల్లెలలో పచ్చబొట్టు లేని ముసలమ్మ చేయి కనబడుటయే అరుదు.

ఆ పచ్చ పొడిచినది బుట్టలమ్ముచు, సోది చెప్పుచు ఊరూర తిరుగు ఒక ఎరుకల స్త్రీ. ఆ స్త్రీల పచ్చపొడుపును గూర్చి ఎడ్గార్ థర్‌స్టన్ ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో, దక్షిణదేశపు కులములను, తెగలను గూర్చి వ్రాసిన గ్రంథములయందు ప్రస్తావించినాడు. ఆదిలాబాదు సీమలో గోండులకు పచ్చ పొడుచు నేర్పు తోటి తెగ స్త్రీలది. మా నాయనమ్మ చెప్పిన పద్ధతి యిది: దీపపు మసిని ఆకుపసరుతో నూరుదురు, పుల్లతో చర్మముమీద బొమ్మ గీయుదురు, నాలుగైదు సూదులను ఒక్కటిగా కట్టి గీతవెంట పొడుచుదురు, పిల్ల ఏడ్వకుండ పాట పాడుదురు, చివరకు పసుపు పూయుదురు. ఆమెకు పొడిచిననాడు ఆమె వయస్సు తొమ్మిదేండ్లు. పాట యేదో ఆమె మరచినది గాని, చేయి గట్టిగా పట్టుకొని కూర్చున్న తల్లిని మరువలేదు.

విజ్ఞానశాస్త్రము బోధించునప్పుడు చర్మమును గూర్చిన పాఠమున నేను ఈ పచ్చబొట్టునే దృష్టాంతముగా చెప్పెడివాడను. మన చర్మమున పైపొర, లోపొర అని ముఖ్యముగా రెండు పొరలున్నవి. పైపొరలోని కణములు ఎప్పటికప్పుడు రాలిపోవుచు, క్రొత్తవి పుట్టుచుండును. సూది మసిని ఆ పైపొరను దాటించి లోపొరలో నిలుపును. శరీరమును కాపాడు కణములు ఆ మసిరేణువులను శత్రువులని యెంచి మ్రింగును, కాని జీర్ణించుకొనలేవు. కావున రంగు అచటనే యుండిపోవును. నల్లని మసి చర్మపు తెరగుండా కనబడుటచేత నీలిపచ్చగా తోచును. అందుచేత దానికి పచ్చబొట్టని పేరు వచ్చినది. మానిన పచ్చబొట్టునుండి రంగు చేతికంటదు, నీటిలో దిగదు, అన్నములో కలియదు. అపాయమున్నది పొడుచునప్పుడే. ఒకరికి వాడిన సూదిని శుద్ధి చేయక మరియొకరికి వాడినచో కామెర్లు కలిగించు హెపటైటిస్ వంటి రోగములు రక్తముద్వారా సోకును. అది పొడిపించుకొన్నవానికి కలుగు అపాయము. అతని చేతి వడ్డన తినువానికి కాదు.

ఇంత పాఠము చెప్పిన నేనే బల్ల విడిచి లేచితిని. చదువు నా బుద్ధిలో నున్నది. జలదరింపు ఒడలిలో నున్నది. ఒడలిదే పైచేయి అయినది. ఆ జలదరింపు ఎచటినుండి వచ్చినదో తెలిసికొనవలెనని ఇంటికి పోయి నా పాత పుస్తకములు తిరుగవేసితిని.

పచ్చబొట్టు మానవజాతికి మిక్కిలి ప్రాచీనమైన అలవాటు. ఆల్ప్స్ పర్వతములలో మంచుక్రింద సుమారు 5,300 సంవత్సరములనాటి మనుష్యుని శరీరము ఒకటి 1991లో బయటపడినది. ఆ శరీరముమీద 61 పచ్చబొట్లున్నవి. వానిలో పెక్కులు కీళ్లయొద్దను, నడుమునొద్దను గీచిన చిన్న గీతలు. నొప్పికి చికిత్సగా పొడిపించుకొనియుండునని కొందరు పండితుల అభిప్రాయము. అది చదువునప్పుడు మా నాయనమ్మ మణికట్టుమీది మూడు చుక్కలు నా కన్నులయెదుట నిలిచినవి. ఇంగ్లీషువారు వాడు ‘టాటూ’ అను మాట పసిఫిక్ దీవులది. 1769లో కెప్టెన్ కుక్కు ఓడలో తాహితీ దీవికి పోయినవారు ఆ దీవివాసుల మాటను తమ భాషలోనికి తెచ్చుకొనిరి.

అయితే ఇదే గురుతును మనుష్యుడు మనుష్యుని అవమానించుటకును వాడినాడు. ఈస్టిండియా కంపెనీ పాలనలో బంగాళమునను, మద్రాసునను ఘోరనేరము చేసినవారి నుదుట పచ్చ పొడుచు శిక్ష యుండెడిది. అది 1849లో రద్దయినది. ఆ నుదురు చూచిన లోకము ఎవడు దొంగయో నుదురే చెప్పునని నేర్చికొన్నది. శిక్ష పోయినను నేర్పు పోలేదు. 1871లో ఆంగ్లప్రభుత్వము కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేయు చట్టము చేసెను. 1911 చట్టముతో అది మద్రాసు రాజధానికిని విస్తరించినది. ఎరుకలవారు దాని వాత పడిరి. అమ్మమ్మల చేతులకు సింగారము దిద్దిన స్త్రీల బిడ్డలు పోలీసుఠాణాలో హాజరు చెప్పుకొనవలసి వచ్చెను. ఆ చట్టము స్వతంత్ర భారతమున 1952లో రద్దయినది. వారిమీద పడిన ముద్రకు సూది అక్కరలేకపోయినది, సిరా అక్కరలేకపోయినది. అయినను అది పచ్చబొట్టుకంటె గట్టిగా నిలిచినది.

జపానులోను ఒకప్పుడు నేరస్థులకు పచ్చ పొడుచు శిక్ష యుండెడిది. 1872 మొదలు 1948వరకు ఆ దేశమున పచ్చబొట్టు నిషిద్ధము. నిషేధము తొలగిన తరువాతను, అచటి వేడినీటి స్నానశాలలు పెక్కు పచ్చబొట్టు గలవారిని లోపలికి రానిచ్చెడివి కావు. 2013లో న్యూజీలండునుండి భాషాసదస్సునకు వచ్చిన ఒక మావోరీ స్త్రీని, ముఖమున పచ్చబొట్టున్నదని ఒక స్నానశాలవారు వెనుకకు పంపిరి. మావోరీలకు ముఖముమీది ఆ గీతలు వంశమును, గౌరవమును తెలుపునవి. ఆమె తన పూర్వులను ముఖమున ధరించి వచ్చినది. వాకిటివారికి అందు నేరస్థుల గురుతే కనబడినది. మా హోటలులో జరిగినదియు ఇదియే. అచట అతిథిని యజమాని కాదనెను. ఇచట పనివానిని అతిథులు కాదనిరి. అంతే భేదము.

ఈ ఆలోచనలతో మరునాడు గల్లాపెట్టెయొద్దకు పోయి, ఆ యువకుని మరల హాలులోనికి పంపుమని హోటలు యజమానిని అడిగితిని. నాకు కొంచెము గర్వముగానే యుండెను. ఒక అన్యాయమును సరిదిద్దబోవుచున్నానని తలచితిని.

“నాకు పట్టింపేముంది మాస్టారూ?” అని ఆయన అనెను. “కుర్రాడు బంగారం. లెక్కలో రూపాయి తేడా రాదు. పొడుగుచేతుల చొక్కా వేసుకోమన్నాను, వేసుకున్నాడు కూడా. సాంబారు వడ్డించేటప్పుడు చేతి అంచు బకెట్టులో మునుగుతుంటే నేనే వద్దన్నాను. కానీ హోటలు నడిచేది వచ్చేవాళ్లమీద. వాళ్లకి నచ్చకపోతే నేనేం చెయ్యను?”

“వచ్చేవాళ్లందరూ అలాంటివాళ్లు కారు కదండీ. ఎవరో జైలని, గీలని వాగారని...”

ఆయన చిల్లర లెక్కించుట ఆపి నావైపు చూచెను. “మీరు మరోలా అనుకోకండి మాస్టారూ. జైలన్నవాళ్లు ఎప్పుడో వచ్చిపోయే బేరాలు. వాళ్ల మాట నేను లెక్కచెయ్యలేదు. ఆ రోజు మీరు బల్ల మారారు. ఎనిమిదేళ్లలో మీరు బల్ల మారటం నేను చూడలేదు. మాస్టారంతటివారికే నచ్చలేదంటే ఇక మిగతావాళ్ల సంగతేమిటని, ఆ మర్నాడే వాణ్ని లోపలికి పంపాను.”

నాకు నోట మాట రాలేదు. జైలు పరిహాసము చేసినవానిని నేను మనస్సులో ఎన్నియో తిట్లు తిట్టియుంటిని. అతని మాటకు బలము లేదు. నా మౌనమునకు బలమున్నది. పదిమంది గౌరవించు మనుష్యుడు మాటాడకుండ లేచిపోయినచో, ఆ లేచిపోవుటయే తీర్పగును. తీర్పు చెప్పితినని తెలియకయే నేను దినదినము కాఫీ త్రాగి, పత్రిక చదివికొని, ఇంటికి పోవుచుంటిని.

పెరటిలోనికి పోయి ఆ యువకునితో, “ఆ రోజు నేను నీ బల్లనుంచి లేచిపోయాను. నీ చెయ్యి చూసే లేచాను. తప్పు చేశాను బాబూ” అంటిని.

అతడు తలవంచి ప్లేటు కడుగుచునే, “చూశానండీ. ఫర్వాలేదండీ” అనెను. అతడు చూచినాడు. నెల దినములు ఆ సంగతి తెలిసియే, నేను చేతులు కడుగుకొనుటకు వచ్చినప్పుడు లేచి నీళ్లు పోసినాడు.

యజమాని ఒక వారము పరీక్షింతమనెను. “మీరు మీ బల్లమీదే కూర్చోండి మాస్టారూ. వాడే వడ్డిస్తాడు. మిగతాది చూద్దాం” అనెను. న్యాయమైన మాట. బల్లయొద్ద చేసిన తప్పును బల్లయొద్దనే దిద్దుకొనవలెను గదా. మరునాడు నేను కిటికీ ప్రక్క బల్లయొద్ద కూర్చుంటిని. ఆ యువకుడు ఇడ్లీ తెచ్చెను. నాలో పాత జలదరింపు పూర్తిగా పోలేదు. లేశమాత్రము మిగిలియే యుండెను. అది నా యిష్టముతో వచ్చినది కాదు, నా యిష్టముతో పోవునదియు కాదు. లేచుటయో, కూర్చుండుటయో మాత్రము నా చేతిలోనిది. నేను కూర్చుంటిని.

మూడవనాడు జైలు పరిహాసము చేసినవాడు మరల వచ్చి, మరల ఆ మాటయే అనెను. వాదులాడుట నాకు చేతకాదు. వెనుకకు తిరిగి, “అది వాళ్ల అమ్మమ్మ పచ్చబొట్టండీ. ఆవిడ పోయాక జ్ఞాపకంగా పొడిపించుకున్నాడు” అని మాత్రము చెప్పితిని. అతడు బదులు చెప్పక పెసరట్టు తినసాగెను. అతని ఎదుట కూర్చున్న పెద్దాయన మాత్రము తన ముంజేతివైపు చూచుకొని, “మా అమ్మకీ ఉండేది. తేలే” అనెను. అంతకుమించి ఎవరును మాటాడలేదు.

దీనితో అందరి మనస్సులును మారినవని నేను చెప్పను. ఆ యువకుని చూచి బల్ల మారువారు ఇప్పటికిని కొందరున్నారు. అయినను వారము గడచినపిదప యజమాని అతనిని హాలులోనే యుంచెను. ఉదయపు వేళ కిటికీ వరుస అతనిదే.

హోటలులో తినువాడు ఏమియు పరీక్షింపరాదని నా అభిప్రాయము కాదు. డబ్బిచ్చి తినువానికి శుభ్రతను కోరు హక్కు కలదు. ఆహారమును ముట్టు పనివారు అంటురోగములు లేనివారై యుండవలెనని, చేతులు కడుగుకొనవలెనని, గోళ్లు కత్తిరించుకొనవలెనని, మానని గాయముతో ఆహారమును ముట్టరాదని మన దేశమున ఆహార భద్రతా నిబంధనలు కలవు. గ్లాసు కడిగినారా, బల్ల తుడిచిన గుడ్డ మురికిగానున్నదా, వడ్డించువాడు దగ్గుచున్నాడా అని అడుగుడు. అది అడుగవలసిన ప్రశ్న. నిన్ననో మొన్ననో పొడిపించుకొని ఇంకను మానని పచ్చబొట్టయినచో కప్పుకొమ్మనుడు, అదియు న్యాయమే. మానిన పచ్చబొట్టుపట్ల మాత్రము, అది నా కంటికి నచ్చలేదనుట తప్ప మరియొక కారణము మనకు లేదు. కంటికి నచ్చకపోవుటకు శుభ్రత అను పేరు పెట్టరాదు.

ఇది చదువు బాలబాలికలతో మరియొక మాట. పచ్చబొట్టు పొడిపించుకొండని నేను చెప్పుట లేదు. అది చొక్కావలె విప్పి పారవేయునది కాదు. యంత్రములతో తీసివేయింపవచ్చును గాని, దానికి ఖర్చు హెచ్చు, నొప్పి హెచ్చు. ఒక్కొక్కప్పుడు మచ్చ మిగులును. వయస్సు వచ్చిన తరువాత, శుద్ధమైన సూది వాడుచున్నారో లేదో తెలిసికొని, ఆలోచించి తీర్చుకొనవలసిన సంగతి అది. మీ చేతిమీద ఏమి యుండవలెనన్నది అప్పుడు మీ యిష్టము. ఇతరుల చేతిమీద ఉన్నదానినిబట్టి వారి గుణమును నిర్ణయించుట మాత్రము ఏ వయస్సునను మీ యిష్టమునకు విడిచిన విషయము కాదు.

మొన్న ఆదివారమునాడు ఆ గృహిణి తన పిల్లవానితో మరల హోటలునకు వచ్చినది. కిటికీ వరుసలో తప్ప చోటు లేదు. ఆ యువకుడు ప్లేటు తెచ్చి బల్లమీద పెట్టగా, పిల్లవాడు అతని చేయి పట్టుకొని, “అన్నా, ఈ చుక్కలెన్ని?” అని అడిగెను. “నువ్వే లెక్కపెట్టు” అని అతడు చేయి చాపి నిలిచెను. వెనుక బల్లనుండి ఎవరో సాంబారుకై కేకవేసిరి. అతడు కదలలేదు. పిల్లవాడు వ్రేలుపెట్టి ఒకటి, రెండు, మూడు అని మొదలుపెట్టెను. తల్లి ప్లేటును కొంచెము దగ్గరకు జరుపుకొన్నది. కాని బిడ్డ చేయి వెనుకకు లాగలేదు. పదునాలుగు వద్ద వాడు తప్పి, మరల మొదటినుండి లెక్కించెను.